జిమ్నీ, థార్‌లను దూరప్రయాణానికి మార్చుకుంటున్నారా? ముందు ధర్మకాంటా ఎక్కించండి

ధర్పల్లి నుంచి ఇందల్వాయి చేరితే 44వ జాతీయ రహదారి వస్తుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా సాగే ఈ రహదారి మీద ఉత్తరానికి తిరిగితే నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పుర్ మీదుగా కశ్మీర్ వరకు వెళ్లొచ్చు. బోధన్ వైపు నుంచి వచ్చే 63వ జాతీయ రహదారి నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పుర్‌కు చేరుస్తుంది. ఇంటి ముందు నుంచే ఇంత దూరం దారి ఉండటంతో సొంత బండిలో వారాల తరబడి తిరిగిరావాలన్న కోరిక జిల్లా యువతలోనూ కనిపిస్తోంది. దానికి తగ్గట్టు చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు పైన టెంటు, ముందు ఇనుప బంపరు, పెద్ద టైర్లు, వించ్ బిగించుకోవాలనుకునేవారూ ఉన్నారు.

వీటిలో ఏవి చట్టానికి లోబడి ఉంటాయి? ఏవి ఆర్‌సీకి, బీమాకు చిక్కు తెస్తాయి? అసలు ఆ చిన్న బండి ఎంత మోయగలదు? బిగించే షాపులో ఈ మూడింటికీ జవాబు దొరకడం కష్టం. డబ్బు ఖర్చుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి ఇవి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఇక్కడ కీలకం. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ, ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ‘మార్పు’ అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెప్పింది: బండి ప్రాథమిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు.

కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. పరీక్షించి ఆమోదించిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని, నిబంధనల్లో ఏమున్నా అసలు చట్టమే పైచేయి అని తేల్చింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించాలి. నాలుగు మార్పులుంటే జరిమానా నాలుగింతలు. బండి చట్టానికి విరుద్ధంగా ఉందని, ప్రజలకు ప్రమాదకరమని తేలితే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారమూ రవాణా శాఖకు ఉంది.

అంటే ఏదీ బిగించకూడదా?

అలా ఏమీ లేదు. మీ ఆర్‌సీ తీసి చూడండి. రంగు, సీట్ల సంఖ్య, ఇంధనం, ఇంజిన్ సామర్థ్యం, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు, బాడీ రకం ఉంటాయి. చేయబోయే పని వీటిలో దేనినైనా శాశ్వతంగా మారుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. బండి ఢీకొన్నప్పుడు అది నడుచుకునే తీరును మారుస్తుందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలతో పనులను మూడు వరుసలుగా విడదీయొచ్చు.

- అనుమతి అక్కర్లేనివి: విప్పి తీసేయగలిగే సామాను. డిక్కీలో పెట్టెలు, ఫ్రిజ్, నీళ్ల డబ్బాలు, గాలి కొట్టే పంపు, లాగడానికి వాడే పట్టీలు, ఇసుకలో టైరు కింద వేసే పలకలు, సీటు కవర్లు, తయారీ కంపెనీ ఆ మోడల్‌కే అమ్మే ఉపకరణాలు.
- ముందుగా రవాణా శాఖను అడగాల్సినవి: రంగు మార్చడం, సీఎన్‌జీ కిట్, ఇంజిన్ మార్పిడి, వెనక సీట్లు శాశ్వతంగా తీసేసి మంచం కట్టడం. సీట్లు మడతపెట్టి పైన పలక వేసి పడుకుంటే సీట్ల సంఖ్య మారదు. వాటిని విప్పి ఇంట్లో పెట్టేస్తే మారినట్టే.
- వద్దనుకోవాల్సినవి: ముందు భాగంలో బుల్‌బార్, క్రాష్‌గార్డ్. వీటిని బిగించడం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. ఢీకొన్నప్పుడు బండి ముందు భాగం నలిగి దెబ్బను తను తీసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా ఆ నలుగుడు లెక్క మీదే పనిచేస్తాయి. ఇనుప గార్డు ఆ లెక్కను తప్పిస్తుంది. ఎదురుగా నడిచే మనిషికి తగిలే దెబ్బనూ పెంచుతుంది.

సస్పెన్షన్ ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్లు, స్నార్కెల్, పైకప్పు మీద స్థిరంగా బిగించే టెంటు లాంటివి ఈ వరుసల మధ్యన పడతాయి. ఒక రాష్ట్రంలో అధికారి చూసీచూడనట్టు వదిలేసినదాన్ని మరో రాష్ట్రంలో ఆపొచ్చు. ఐదారు రాష్ట్రాలు దాటే ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు.

అసలు లెక్క బరువుది

చట్టం సంగతి పక్కనపెట్టి బండినే అడుగుదాం. ఐదు తలుపుల మారుతీ జిమ్నీ 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చింది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 40 లీటర్ల ట్యాంకు. ఖాళీ బండి బరువు సుమారు 1,210 కిలోలు. సామాను, మనుషులతో కలిపి కంపెనీ అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. ఈ రెండింటి తేడా 335 కిలోలు. మీ ప్రయాణం మొత్తం ఆ 335 కిలోల్లో ఇమడాలి.

ఇప్పుడు ఇద్దరు మనుషుల దూరప్రయాణానికి షాపులో చెప్పే ‘ఫుల్ కిట్’ను తూచి చూద్దాం. బ్రాండును బట్టి అంకెలు కొంచెం అటూఇటూ మారతాయి.

- ఇద్దరు మనుషులు: 140 కిలోలు
- పైకప్పు టెంటు: 55
- దాన్ని మోసే ఇనుప ర్యాక్: 25
- ఫ్రిజ్, అందులో సామాను: 30
- 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ: 12
- 40 లీటర్ల నీళ్లు: 40
- పనిముట్లు, పట్టీలు, పంపు: 25
- బట్టలు, వంట సామాను: 30
- ఇనుప బంపరు: 35
- వించ్: 28

మొత్తం 420 కిలోలు. అనుమతి కంటే 85 కిలోలు ఎక్కువ. పెద్ద టైర్ల అదనపు బరువు ఇందులో కలపలేదు. పైగా 80 కిలోలు బండి నెత్తి మీద, 63 కిలోలు ముక్కు మీద ఉన్నాయి. ఎత్తుగా, సన్నగా ఉండే బండికి నెత్తి మీద బరువు పెడితే మలుపుల్లో ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి.

ఇదే జాబితాలో పైకప్పు టెంటు, ర్యాక్, బంపరు, వించ్ నాలుగూ తీసేయండి. 143 కిలోలు తగ్గుతాయి. బదులుగా నేల మీద వేసే 5 కిలోల టెంటు పెట్టుకోండి. మొత్తం 282 కిలోలవుతుంది. ఇంకా 53 కిలోల వెసులుబాటు మిగులుతుంది. తీసేసిన నాలుగింటిలోనే ఖర్చూ ఎక్కువ, చట్టపరమైన చిక్కూ ఎక్కువ. బండి అడిగేదీ చట్టం అడిగేదీ ఇక్కడ ఒకటే.

దీన్ని సరిచూసుకోవడం మన జిల్లాలో చాలా తేలిక. వడ్లు, పసుపు, చెరుకు తూచే ధర్మకాంటాలు రోడ్డు పొడవునా ఉన్నాయి. సామాను నింపి, మనుషులు ఎక్కి, ట్యాంకు నిండుగా పోయించి ఒకసారి తూచండి. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు ఉంచి ఒకసారి తూస్తే బరువు ఎటు మొగ్గుతోందో కూడా తెలుస్తుంది. లారీల కాంటాలో పది కిలోల తేడా రావచ్చు. ఈ పనికి అది చాలు. థార్, గూర్ఖా, పాత జిప్సీ ఏదైనా సరే, యజమాని పుస్తకంలోని మొత్తం బరువు, పైకప్పు బరువు పరిమితి చూసి ఇదే లెక్క వేసుకోవాలి.

టైర్లు ఎంత పెద్దవి వేయొచ్చు?

జిమ్నీకి కంపెనీ ఇచ్చేవి 195/80 ఆర్15 టైర్లు. వాటి వ్యాసం 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 అవుతుంది, తేడా ఒకటిన్నర శాతం. చాలామంది ఇష్టపడే 235/75 ఆర్15 వేస్తే 733 దాటుతుంది, అంటే దాదాపు 6 శాతం పెద్దది. అప్పుడు మీటరు 80 చూపిస్తుంటే బండి నిజానికి 85కు దగ్గరగా పోతుంటుంది. స్పీడ్ కెమెరాకు పట్టుబడేది ఆ 85. ఓడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది కాబట్టి సర్వీసు దూరాలూ తప్పుతాయి. బరువైన స్పేర్ టైరు వెనక తలుపు మీద వేలాడుతుంది కాబట్టి తలుపు కీళ్లపై భారం పడుతుంది.

సైజు మార్చకుండా, కంపెనీ చెప్పిన లోడ్ ఇండెక్స్‌కు తగ్గకుండా, గట్టి పక్కగోడలున్న ఆల్‌టెరైన్ టైరు వేసుకుంటే దూరప్రయాణానికి సరిపోతుంది. మిగతాది గాలి ఒత్తిడి చూసుకుంటుంది. గల్ఫ్‌లో డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఇసుకలోకి దిగే ముందు గాలి తగ్గించడం, తారురోడ్డు ఎక్కగానే తిరిగి నింపడం అక్కడ రోజువారీ పని. గాలి తగ్గించిన టైరుతో రోడ్డు మీద వేగంగా పోతే అది వేడెక్కి పగులుతుంది. అందుకే ప్రెషర్ గేజ్, 12 వోల్టుల పంపు రెండూ బండిలో ఉండాలి.

వైరింగ్, పెట్రోలు: మంటలు పుట్టే చోట్లు

ఫ్రిజ్, లైట్లు, ఫోన్ల కోసం రెండో బ్యాటరీ పెట్టేవారు దాన్ని డీసీ-డీసీ చార్జర్ ద్వారా కలపాలి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. వైరు తీసుకునే కరెంటుకు తగిన మందం ఉండాలి. కంపెనీ వైరింగును మధ్యలో కోసి అతికిస్తే వారంటీ పోవడమే కాదు, అతుకు దగ్గర వేడి పుట్టి బండే తగలబడొచ్చు. కళ్లు మిరుమిట్లు గొలిపే అదనపు లైట్లు రోడ్డు మీద వేస్తే ఎదుటివారికి ప్రమాదం, మీకు చలానా.

అదనపు పెట్రోలు విషయంలో చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. పెట్రోలియం చట్టం 1934లోని 8వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే అది గట్టిగా బిగించే మూత ఉన్న పాత్రలో ఉండాలి. లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు. నీళ్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు తీసుకెళ్లడం చట్టానికీ, భద్రతకూ విరుద్ధమే.

అసలు అంత అవసరం ఉందా? బరువుతో లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చినా 40 లీటర్లకు 480 కిలోమీటర్లు పోవచ్చు. 44వ రహదారి మీద అంతకంటే చాలా ముందే బంకులు దొరుకుతాయి. డబ్బా పనికొచ్చేది హిమాచల్‌లోని తాండి లాంటి చోట్ల. అక్కడి నుంచి లేహ్ వైపు తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ప్రసిద్ధం. ఎత్తు ప్రాంతాల్లో తక్కువ గేర్లలో ఎక్కాలి కాబట్టి ఆ ఒక్క దారికి పది లీటర్ల లోహపు డబ్బా ఒకటి తోడుంటే చాలు.

స్నార్కెల్ ఉంటే వాగు దాటొచ్చా?

దాటకూడదు. స్నార్కెల్ ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా ఆపుతుంది. బండి కొట్టుకుపోకుండా ఆపదు. పారే నీళ్లు ఒక అడుగు లోతున్నా చిన్న కారును పక్కకు నెట్టగలవు. రెండడుగులైతే చాలా బండ్లను తేల్చేస్తాయి. తేలిన బండికి ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నా లేకపోయినా ఒకటే. 2025 ఆగస్టు చివర్లో కురిసిన వానలకు పక్కనున్న కామారెడ్డి జిల్లాలో 44వ జాతీయ రహదారి మీదే రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటి రోజు స్నార్కెల్ కంటే ఆగి ఎదురుచూసే ఓపికే ప్రాణం కాపాడుతుంది.

పాత జిప్సీ కొంటే?

1985లో వచ్చిన మారుతీ జిప్సీకి అభిమానులు ఇంకా ఉన్నారు. సైన్యం వేలంలో అమ్మిన జిప్సీలు చేతులు మారుతుంటాయి. కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది కాగితాలు. సైన్యం బండిని పౌర వాహనంగా రిజిస్టర్ చేయించాలంటే సంబంధిత సైనికాధికారులు ఇచ్చిన అసలు అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21లో ఉండాలి. అది లేకుండా ‘తర్వాత చేయిస్తాం’ అనే బండి జోలికి వెళ్లొద్దు. రెండోది రంగు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. ఇష్టమైనా సరే, ఆ రంగు మార్చి, మార్చిన రంగు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

మూడోది వయసు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000కు పెంచారు. రాష్ట్రం వేసే హరిత పన్ను దీనికి అదనం. ఉత్తరానికి వెళ్లేవారు దిల్లీ సంగతీ చూసుకోవాలి. దేశ రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని సుప్రీంకోర్టు 2018లో ఆదేశించింది. దీనిపై 2025లో కోర్టు మళ్లీ విచారణ చేపట్టింది కాబట్టి బయల్దేరే ముందు తాజా ఆదేశం చూసుకోవడం మంచిది.

మరొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చెరుకు ప్రాంతానికి ఇథనాల్ కొత్త మాట కాదు. పాత బండి రబ్బరు గొట్టాలకు మాత్రం కొత్తే. వాటిని ముందే మార్పించుకోకపోతే దారిలో లీకవుతాయి.

బీమా కంపెనీకి ఎందుకు చెప్పాలి?

అసలు దెబ్బ తగిలేది చలానాతో కాదు, క్లెయిముతో. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి బండిని పాలసీతోనూ, ఆర్‌సీతోనూ పోల్చి చూస్తాడు. చెప్పని మార్పే ప్రమాదానికి కారణమైందని అనుమానం వస్తే సొంత నష్టం క్లెయిము తగ్గిస్తారు, లేదా తిరస్కరిస్తారు. ఎదుటివారికి చెల్లించిన పరిహారాన్ని మీ దగ్గర రాబట్టుకునేందుకూ ప్రయత్నించవచ్చు.

అందుకని బిగించిన వెంటనే బిల్లులతో సహా బీమా కంపెనీకి ఈ-మెయిల్ పెట్టి, పాలసీలో నమోదు చేయించుకోవాలి. విద్యుత్ ఉపకరణాలకు ఐఎంటీ-24 పేరుతో విడిగా రక్షణ తీసుకునే వీలుంది. ఫోన్‌లో ఏజెంటు ‘ఏం పర్లేదు సార్’ అన్న మాటకు క్లెయిము రోజున విలువ ఉండదు. రాతపూర్వక జవాబు తీసుకోండి.

రవాణా శాఖలో పని ఎలా?

ఆర్‌సీలో చేరాల్సిన మార్పు అయితే వరుస ఇలా ఉంటుంది.

1. పని చేయించక ముందే రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు చేసి అనుమతి కోరాలి. నిజామాబాద్ బండ్లకు టీఎస్ 16, 2024 మార్చి తర్వాత వచ్చినవాటికి టీజీ 16.
2. బండిపై రుణం ఉంటే ఫైనాన్స్ కంపెనీ అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి.
3. పని పూర్తయ్యాక 14 రోజుల్లోగా ఆర్‌సీతో, ఫీజుతో అధికారికి తెలియజేయాలి. వాహన తనిఖీ అధికారి బండిని చూస్తారు.
4. సవరించిన ఆర్‌సీ కాపీని బీమా కంపెనీకి పంపాలి.

దళారీ ‘పాస్ చేయిస్తా’ అన్నా కాగితం మీద పేరు మీదే ఉంటుంది. జరిమానా, కేసు కూడా మీ పేరు మీదే వస్తాయి.

దేశం దాటి వెళ్లేవారికి

విదేశాల్లో నడపాలంటే రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. దాని గడువు ఏడాది. చాలా దేశాల్లోకి సొంత బండి తీసుకెళ్లాలంటే ‘కార్నే’ అనే కస్టమ్స్ పత్రం కావాలి. మన దేశంలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దాన్ని ఇస్తుంది. ఆ పత్రంలో ఛాసిస్, ఇంజిన్ నంబర్లతో పాటు బండి రంగు, సీట్లు, బరువు, అదనపు టైర్లు కూడా రాస్తారు. ఆర్‌సీలో ఒకటి, బండి మీద మరొకటి ఉంటే ఆ తేడాకు జవాబు చెప్పాల్సింది పరాయి దేశపు కస్టమ్స్ అధికారికి. అక్కడ ఐదు వేల జరిమానా కట్టి బయటపడే వీలుండదు.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి?

ముందు ఉన్న బండిని బాగుచేయించండి: బ్రేకులు, షాకబ్జర్లు, బెల్టులు, గొట్టాలు, బ్యాటరీ. తర్వాత అదే సైజులో మంచి టైర్లు, పంపు, లాగే పట్టీలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు. ఆ తర్వాత పడుకోవడానికి, వండుకోవడానికి విప్పి తీయగలిగే సామాను. ఇవన్నీ నింపి ఒక వారాంతం దగ్గర్లో తిరిగిరండి. వాడని వస్తువులు పక్కన పెట్టి, మిగిలినవాటితో మళ్లీ ధర్మకాంటా ఎక్కించండి. అంకె అనుమతి లోపల ఉంటే బండి సిద్ధమైనట్టే. ఇంకా ఏదైనా బిగించాలనిపిస్తే అప్పుడు ఆర్‌సీ తీసి, అది ఏ వరుసలోకి వస్తుందో చూసుకోండి.